హెబ్రీ 6 మీద ఆన్‌లైన్ బైబిల్ కోర్సు: పాఠానికి ఫుల్ మార్కులు, ప్రశ్నల గంటకి సున్నా

ముందే చెప్పేస్తున్నా, కట్టిన 1200 రూపాయలకి పాఠం వరకు పూర్తి న్యాయం జరిగింది. ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలా కోపం వచ్చింది. విశ్వాసం నుంచి తప్పిపోయినవాళ్ళ గురించి బైబిల్లో ఉన్న కష్టమైన వచనాల మీద తెలుగులో పెట్టిన ఆన్‌లైన్ కోర్సు ఇది. నడిపేవాళ్ళ పేరు రాయడం లేదు, చిన్న బృందం, ఒక పెద్దాయన, ఒక కుర్ర బోధకుడు, ఇద్దరే నెట్టుకొస్తున్నారు. ఇలాంటి కోర్సులు ఇప్పుడు వాట్సాప్‌లో వారానికో పోస్టర్ వస్తున్నాయి కాబట్టి మీరు చేరేది వేరేదైనా సరే, డబ్బులు కట్టేముందు ఏం అడగాలో దీన్ని బట్టి కొంత తెలుస్తుంది.

శనివారం రాత్రి ఎనిమిదికి జూమ్‌లో క్లాసు, గంటన్నర అంటారు కానీ రెండు గంటలు దాటుతుంది. గుంటూరు, ఖమ్మం, రాజమండ్రి నుంచి ఎక్కువమంది, కువైట్ నుంచి కొందరు, డల్లాస్ నుంచి ఒక జంట. పీడీఎఫ్ నోట్సు ఇస్తారు, రికార్డింగ్ ఇస్తారు, వాట్సాప్ గ్రూపు ఉంటుంది. ఫీజు తీసుకున్నాక కూడా ప్రతి క్లాసు చివర "పరిచర్యకు మీ వంతు" అని క్యూఆర్ కోడ్ చూపిస్తారు, అది మన దగ్గర తప్పదు, అలవాటైపోయింది.

అసలు ఇలాంటి కోర్సు ఎందుకు కావాలంటే, మన సంఘాల్లో హెబ్రీ 6:4-6 ని, అంటే ఒకసారి వెలిగింపబడి, వరాన్ని రుచి చూసి తప్పిపోయినవాళ్ళని మళ్ళీ మారుమనస్సుకి తేవడం అసాధ్యం అనే మాటని, చాలావరకు రెండు రకాలుగానే వాడడం చూశాను. ఉజ్జీవ సభల్లో ఆఖరి రాత్రి, జనాన్ని వేదిక ముందుకి రప్పించడానికి ఆ వచనం గట్టిగా చదువుతారు, "మరల నూతనపరచుట అసాధ్యము" అనగానే వెనక బెంచీల్లో ఏడుపులు మొదలవుతాయి. లేదంటే అసలు ఆ అధ్యాయం జోలికే పోరు, ఐదు నుంచి ఎగిరి ఎనిమిదిలో దిగుతారు. బ్రదరన్, బాప్టిస్టు వైపు పెరిగినవాళ్ళకి సాధారణంగా ఒకసారి రక్షణ పొందితే అది పోదని నేర్పుతారు, పెందెకొస్తు వైపు పెరిగినవాళ్ళకి పోతుంది జాగ్రత్త అని నేర్పుతారు, ఇక పెళ్ళి సంబంధాలు అటూ ఇటూ కలిశాక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మామగారికీ అల్లుడికీ వాదన. నా గొర్రెల్ని నా చేతిలోంచి ఎవరూ లాగేసుకోలేరని యేసు అన్న యోహాను 10:28 ఒకరి చేతిలో, హెబ్రీ 6 ఇంకొకరి చేతిలో. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయన్న సంగతి ఎవరికీ పట్టదు.

ఇక కోర్సు. మొదటి క్లాసులో పెద్దాయన చేసిన పని నాకు చాలా నచ్చింది. వివరణ ఏమీ ఇవ్వకుండా హెబ్రీ 5:11 నుంచి 6:12 దాకా మొత్తం భాగాన్ని నలుగురి చేత గట్టిగా చదివించారు. అంతే. మూడు వచనాలు విడిగా వింటే ఉరుములాగా ఉన్నది, మొత్తంగా చదివితే పత్రిక రాసినాయన ఎవరితో మాట్లాడుతున్నాడో వినపడింది. ఈపాటికి బోధకులై ఉండాల్సినవాళ్ళు ఇంకా పాలే తాగుతున్నారని మందలిస్తాడు, తర్వాత "వారు" అని ఎవరో మూడో మనుషుల గురించి ఆ భయంకరమైన మాట చెబుతాడు, వాన తాగి ముళ్ళతుప్పలు పెంచే భూమి గురించి చెబుతాడు, ఆ వెంటనే 9వ వచనంలో "ప్రియులారా" అని వీళ్ళ వైపు తిరిగి, మీ విషయంలో ఇంతకంటే మంచిదే నమ్ముతున్నాం అంటాడు. ఆ పత్రిక మొత్తంలో ఆయన వాళ్ళని "ప్రియులారా" అని పిలిచేది అక్కడొక్కచోటే అని పెద్దాయన చూపించారు. నేను ఇన్నేళ్ళు విన్న ప్రసంగాల్లో ఎవరూ 9వ వచనం దాకా రాలేదు, ఎనిమిదో వచనంలో "కాల్చివేయబడును" దగ్గర ఆపి ప్రార్థనకి పిలిచేవాళ్ళే అందరూ.

రెండో క్లాసు అరణ్యం గురించి. హెబ్రీ 3, 4 అధ్యాయాలు 95వ కీర్తన మీద నడుస్తాయి కదా, ఆ కీర్తన వెనక సంఖ్యాకాండము 14 ఉంది, కాదేషు దగ్గర జరిగిన కథ. సముద్రం చీలడం చూసినవాళ్ళు, మన్నా తిన్నవాళ్ళు, అగ్నిస్తంభం వెలుగులో నడిచినవాళ్ళు దేశం గుమ్మం దాకా వచ్చి వెళ్ళం అన్నారు. 6వ అధ్యాయంలో వెలిగింపబడడం, వరమును రుచి చూడడం లాంటి మాటల వెనక ఆ తరమే ఉందని కొందరు పండితులు చెబుతారు, పెద్దాయన కూడా ఆ దారే పట్టారు. మర్నాడు వాళ్ళు మనసు మార్చుకుని మేం వెళ్తాం అని కొండ ఎక్కడం, దెబ్బలు తిని తిరిగి రావడం, దానికీ "అసాధ్యము" అన్న మాటకీ ముడి పెట్టారు. బాగుంది. కానీ ఇక్కడ అడ్డుప్రశ్న ఉంది, దాన్ని ఆయన తేలిగ్గా దాటేశారు. కనానులోకి వెళ్ళకపోవడం అంటే నరకానికి పోవడమే అయితే మోషే సంగతేంటి? అహరోను, మిర్యాము? వాళ్ళూ కనాను చేరకుండానే చనిపోయారు కదా. అదీగాక సంఖ్యా 14:20 లోనే దేవుడు నీ మాట చొప్పున క్షమించాను అన్నాడు, క్షమించాకే దేశంలోకి రానివ్వను అన్నాడు. ఖమ్మం నుంచి ఒకావిడ ఈ ప్రశ్న చాట్‌లో పెట్టారు. చదివారు, "మంచి ప్రశ్న" అన్నారు, తర్వాతి స్లైడ్.

మూడో క్లాసులో ఈ వచనాలకి ఉన్న నాలుగు ప్రధాన వ్యాఖ్యానాలు పక్కపక్కన పెట్టారు. నిజమైన విశ్వాసులే రక్షణ పోగొట్టుకోగలరు అనేది ఒకటి, అర్మీనియన్లు (మనిషి కృపను కాదనగలడు అనేవాళ్ళు), మెథడిస్టుల్లాంటి వెస్లీ వారసులు, చాలామంది పెందెకొస్తులు ఇటు. వాళ్ళు మొదటినుంచీ నిజంగా విశ్వాసులు కారు, దగ్గరగా ఉన్నారంతే అనేది రెండోది, దేవుడు ఎన్నుకున్నవాళ్ళు తప్పిపోరు అనే కాల్విన్ వైపువాళ్ళ మాట ఇది, మనలోనుంచి వెళ్ళారు కానీ మనవాళ్ళు కారు అనే 1 యోహాను 2:19 వాళ్ళ ప్రధాన ఆధారం. పోయేది రక్షణ కాదు బహుమానం అనేది మూడోది, పని కాలిపోయినా మనిషి మాత్రం రక్షింపబడతాడు అనే 1 కొరింథీ 3:15 పట్టుకుని చెబుతారు. ఈ హెచ్చరికలే దేవుడు తనవాళ్ళని కాపాడుకునే సాధనం అనేది నాలుగోది.

ఈ నాలుగోదాన్ని చెప్పడానికి కుర్ర బోధకుడు అపొస్తలుల కార్యములు 27 తీశాడు. కోర్సు మొత్తంలో అదే బెస్ట్. తుపానులో పౌలు, ఎవరి ప్రాణానికీ నష్టం ఉండదు అని 22వ వచనంలో దేవుని మాటగా చెప్పాడు. కాసేపటికి నావికులు లంగరు వేస్తున్నట్టు నటిస్తూ పడవ దించి పారిపోబోతే, వీళ్ళు ఓడలో ఉండకపోతే మీరు తప్పించుకోలేరు అని 31వ వచనంలో అదే పౌలు శతాధిపతితో అన్నాడు. మాట ఇచ్చేశాక మళ్ళీ బెదిరింపు ఏంటి? ఆ బెదిరింపు విన్నారు కాబట్టే సైనికులు తాళ్ళు కోసేశారు, పడవ పోయింది, నావికులు ఓడలో మిగిలారు, 276 మందీ ఒడ్డుకి చేరారు. వాగ్దానం నెరవేరింది హెచ్చరిక ద్వారానే. ఇది చెప్పాక జూమ్‌లో చాలామంది మైకు ఆన్ చేసి స్తోత్రం స్తోత్రం అన్నారు, హోస్ట్ మ్యూట్ చేయడానికి టైం పట్టింది.

నాలుగింటిలో ఏది ఎక్కడ కుంటుతుందో కూడా చెప్పి ఉంటే బాగుండేది. మూడోది నాకు అస్సలు నిలబడేలా కనపడదు, ఎందుకంటే హెబ్రీ 10:27-29 లో తీక్షణమైన అగ్ని, కనికరం లేకుండా చంపించిన మోషే ధర్మశాస్త్రం కంటే ఎక్కువైన శిక్ష అని ఉంది, బహుమానం తగ్గించడానికి అంత మాటలు ఎవరూ వాడరు. రెండోది 10:29 లో "తాను పరిశుద్ధపరచబడుటకు సాధనమైన" రక్తం అన్నచోట ఇబ్బంది పడుతుంది. మొదటిదానికి ఉన్న చిక్కు మన దగ్గర ఎవరూ మాట్లాడనిది: రక్షణ పోతుంది అని నేర్పే సంఘాలే ప్రతి సభలోనూ రండి మళ్ళీ సమర్పించుకోండి అంటాయి, కానీ వాళ్ళు చదివే వచనం మాత్రం మళ్ళీ నూతనపరచడం అసాధ్యం అంటోంది, అంటే ఆ వచనాన్ని వాళ్ళు కూడా పూర్తిగా తీసుకోవడం లేదు. నాలుగోది మనసుకి హత్తుకుంటుంది, అయితే ఎప్పటికీ జరగని దాని గురించి చేసే హెచ్చరిక నిజమైన హెచ్చరికేనా అన్న ప్రశ్న దానికి ఉంది. నా మొగ్గు నాలుగోదాని వైపే, అయినా ఆ ప్రశ్న నన్ను వదలదు.

ఇంకో ఫిర్యాదు. పోస్టర్‌లో "ఏ పక్షమూ లేకుండా" అని వేశారు. నోట్సు తెరిచి చూస్తే రెండో వ్యాఖ్యానానికి నాలుగు పేజీలు, మొదటిదానికి ముప్పావు పేజీ, అదీ ఖండనతో మొదలవుతుంది. పక్షం ఉండడం తప్పు కాదు, ఈ విషయంలో పక్షం లేనివాడు దొరకడు. మేం ఫలానా వైపు, అవతలివాళ్ళ మాట కూడా చెబుతాం అంటే సరిపోయేది. గుంటూరు లూథరన్ ఆయన ఒకరు గ్రూపులో సరదాగా అడిగారు, మమ్మల్ని ఏ గడిలో పెట్టారు బ్రదర్ అని. సబబైన ప్రశ్న, ఎందుకంటే లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 12వ అధికరణలో, ఒకసారి నీతిమంతులైనవాళ్ళు పరిశుద్ధాత్మను పోగొట్టుకోలేరనే వాళ్ళనీ ఖండించారు, బాప్తిస్మం తర్వాత పడిపోయి మారుమనస్సుతో వచ్చినవాళ్ళని చేర్చుకోని వాళ్ళనీ ఖండించారు. పడిపోవచ్చు, లేచి రావచ్చు కూడా. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గారు గుంటూరు వచ్చినప్పటినుంచి మన మధ్యే ఉన్న సంఘం వాళ్ళది, తెలుగు కోర్సులో ఆ మాటకి ఒక లైను కూడా లేకపోవడం ఏం బాగుంటుంది?

నాలుగో క్లాసు చరిత్ర. బోర్ కొడుతుందేమో అనుకుంటూ టీ కప్పుతో కూర్చున్నాను, టీ చల్లారిపోయింది. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డెసియస్ సామ్రాజ్యంలో అందరూ దేవతలకి బలి అర్పించాలని ఆజ్ఞ ఇచ్చాడు, అర్పించినవాళ్ళకి అధికారుల ముందు సర్టిఫికెట్ ఇచ్చేవారు. అవి పాపిరస్ కాగితాల మీద ఐగుప్తులో 40కి పైగా ఇప్పటిదాకా దొరికాయి. క్రైస్తవుల్లో కొందరు చచ్చారు, కొందరు బలి అర్పించారు, కొందరు లంచమిచ్చి బలి అర్పించకుండానే సర్టిఫికెట్ కొనుక్కున్నారు. (మన ఆఫీసుల్లో పని చేయించుకున్న వాళ్ళకి ఇది వింతగా ఏమీ అనిపించదు.) హింస ఆగాక వీళ్ళంతా ఏడుస్తూ సంఘానికి తిరిగొచ్చారు. చేర్చుకోవాలా వద్దా? రోమాలో నొవేషియన్ వద్దు అన్నాడు, 251లో వేరు సంఘమే పెట్టాడు. కార్తేజి బిషప్ సిప్రియన్, హింసలో తానే అజ్ఞాతంలో ఉన్నవాడు, పశ్చాత్తాపం పరీక్షించి చేర్చుకుందాం అన్నాడు, ఇంకో హింస రాబోతోంది అనిపించినప్పుడు పశ్చాత్తాపంలో ఉన్నవాళ్ళందరినీ వెంటనే చేర్చుకోమన్నాడు, యుద్ధానికి వెళ్ళేవాళ్ళని ప్రభువు బల్ల లేకుండా పంపలేం అని. 325లో బిషప్పులు కూడిన నికయ సభ 11వ కానను (సంఘ నియమం) ఇంకో హింసలో బలవంతం లేకుండానే పడిపోయినవాళ్ళకి మూడేళ్ళు, ఏడేళ్ళు, రెండేళ్ళు చొప్పున మొత్తం 12 ఏళ్ళు పశ్చాత్తాప కాలం పెట్టింది, చనిపోయే స్థితిలో ఉన్నవాళ్ళకి మాత్రం బల్ల నిరాకరించొద్దని 13వ కానను చెప్పింది. 12 ఏళ్ళు అంటే చాలా కఠినం, కానీ తలుపు ఉంది, ఎప్పుడు తెరుస్తారో తేదీ ఉంది. మన పల్లెటూరి సంఘాల్లో "బల్ల ఆపేశారు" అంటే ఎన్నాళ్ళకో, ఎవరు తీస్తారో, కాపరి మారేదాకా తేలదు.

అయితే ఇదే క్లాసులో అసలైన ప్రశ్న వచ్చింది, ఇక్కడే నా కోపం మొదలైంది. ఒక కుర్రాడు, కెమెరా ఆఫ్, అడిగాడు: "అయ్యగారూ, నా కుల ధ్రువీకరణలో హిందూ అని ఉంది, మా ఇంట్లో మూడు తరాలుగా చర్చికే వెళ్తాం. నేను కూడా ఆ కాగితం కొనుక్కున్నవాళ్ళ లాంటివాడినేనా?" మన ఆంధ్ర, తెలంగాణలో సంఘాలకి వెళ్ళేవాళ్ళకి ఈ ప్రశ్న బరువు చెప్పక్కర్లేదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులే ఎస్సీలు, 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు, క్రైస్తవులని చేర్చలేదు, మన రాష్ట్రాల్లో క్రైస్తవులైన ఎస్సీలు వెనకబడిన తరగతుల్లో బీసీ-సీ కిందికి వస్తారు. కాగితంలో ఒక పదం మారితే పిల్లల సీటు, స్కాలర్‌షిప్, ఉద్యోగం అన్నీ మారిపోతాయి. పెద్దాయన "అది రాజకీయ విషయం, మన పాఠం కాదు" అన్నారు. కాదు, అదే పాఠం. డెసియస్ కాగితం ఒక మనిషి విగ్రహం ముందు బలి అర్పించాడని రాసేది, కులం కాగితం పుట్టుకనీ చట్టం చేసిన వర్గీకరణనీ రాస్తుంది, రెండూ ఒకటి కావని నేను అనుకుంటాను, అలా కాదు మతం గడిలో అబద్ధం అబద్ధమే అనేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ మాట కూడా వినాల్సిందే. ఏదో ఒకటి చెప్పాలి కదా. గంటసేపు కార్తేజి గురించి చెప్పి ఖమ్మం కలెక్టరేట్ దగ్గర నోరు మూసుకుంటే ఎలా?

యోహాను 15:6 (నిలిచి ఉండని తీగెని పారేసి కాల్చడం), 2 పేతురు 2:20-22 (కడిగిన పంది మళ్ళీ బురదకి పోవడం) రెండూ కలిపి ఒకే క్లాసులో లాగించేశారు. ద్రాక్షతోట కత్తిరింపుల వీడియో ఒకటి వేశారు, బాగానే ఉంది, పంది బురదలో పొర్లడం గురించి ఒక జోకు వేశారు, అది అంత బాగాలేదు.

సత్యం తెలిశాక బుద్ధిపూర్వకంగా పాపం చేస్తే ఇక బలి ఉండదు అనే హెబ్రీ 10:26 క్లాసు తర్వాత ప్రశ్నల గంట అయితే ఇంకా దారుణం. ఒకతను పాపం ఒక అలవాటు గురించి, పేరు చెప్పలేదు, మానేస్తాను, మళ్ళీ పడతాను, "బుద్ధిపూర్వకముగా పాపము" అంటే నాదేనా, నాకు ఇంక బలి లేదా అని అడిగాడు. గొంతు వణుకుతోంది. పెద్దాయన "తెలిసి చేస్తే బుద్ధిపూర్వకమే కదా బ్రదర్, భయపడాల్సిందే" అని తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయారు. టెన్షన్‌తో నాకే చేతులు చల్లబడ్డాయి. ఆ పాపం ఏంటో మూడు వచనాల తర్వాత అక్కడే రాసి ఉంది: దేవుని కుమారుణ్ణి కాళ్ళతో తొక్కడం, నిబంధన రక్తాన్ని అపవిత్రమైనదిగా ఎంచడం, కృప ఇచ్చే ఆత్మను తిరస్కరించడం. ముందు వచనం సమాజంగా కూడడం మానేసిన వాళ్ళ గురించి, తర్వాత వచనాలు ఆస్తి కోల్పోయినా సంతోషంగా ఓర్చుకున్న వీళ్ళ పాత రోజుల గురించి. అంటే క్రీస్తునే వదిలేసి వెళ్ళిపోదామా అని చూస్తున్నవాళ్ళతో మాట్లాడుతున్నాడు. పడి లేస్తూ నన్ను వదలకండి అని ఏడ్చేవాడితో మాట్లాడే వచనం కాదు అది. సంఖ్యా 15:30 లో తెగించి, దేవుణ్ణి తృణీకరించి చేసేదాన్ని తెలియక చేసినదానితో వేరు చేశారు, అదైనా చెప్పొచ్చు. మూడుసార్లు ఎరగనని బొంకిన పేతురు కోసం ముందే వేడుకున్నాను అన్న లూకా 22:32 చెప్పొచ్చు. సత్యం నుంచి తొలగిపోయినవాణ్ణి మళ్ళించడం గురించి యాకోబు 5:19-20 ఉంది. ఇవేవీ నోట్సులో కూడా లేవు.

ఆ రాత్రి పన్నెండు దాటాక కుర్ర బోధకుడు గ్రూపులో ఒక పొడుగాటి వాయిస్ మెసేజ్ పెట్టాడు, పెద్దాయనని తప్పు పట్టకుండానే నేను పైన రాసినవన్నీ దాదాపు చెప్పాడు, ఆ బ్రదర్‌కి విడిగా ఫోన్ చేస్తానన్నాడు, చేశాడట కూడా. ఇంజనీరింగ్ చదివి బెంగళూరు వెళ్ళి దేవుడే లేడు అంటున్న కొడుకు గురించి అడిగిన ఒక తల్లికి క్లాసులో దొరికింది "ప్రార్థన చేయండి సిస్టర్" మాత్రమే, అదే వాయిస్ మెసేజ్‌లో ఆవిడకి కూడా మాట చెప్పాడు: పౌలుతో పనిచేసిన దేమా ఇహలోకాన్ని స్నేహించి వెళ్ళిపోయాడని బైబిల్ రాసింది, ఆ తర్వాత ఏమయ్యాడో రాయలేదు, రాయనిదాన్ని మీరు పూర్తి చేయకండి అమ్మా అని. ఈ కుర్రాడే మొత్తం కోర్సు చెప్పి ఉంటే నేను ఇంకో 500 ఎక్కువిచ్చినా బాధపడేవాణ్ణి కాదు.

మిగతా చిన్న విషయాలు: నోట్సులో చార్టులు ఇంగ్లీషులోనే ఉంచేశారు, పెద్దవాళ్ళకి పనికిరావు. కొన్ని ఫోన్లలో ఫాంట్ విరిగిపోయి ఒత్తులు ఎగిరిపోతున్నాయి. రికార్డింగులు నెల తర్వాత తీసేస్తారు, డౌన్‌లోడ్ లేదు, కాబట్టి చరిత్ర క్లాసు, ఓడ క్లాసు మాత్రం నెలలోపే మళ్ళీ వినేయండి. ఆడియో బాగుంది. హాజరు సర్టిఫికెట్ ఇస్తారు, నాలుగో క్లాసు తర్వాత ఆ మాట వింటేనే నవ్వొచ్చింది.

సండే స్కూలు టీచర్లు, యూత్ లీడర్లు, ఇంట్లో మామా అల్లుళ్ళ వాదనలో ఇరుక్కున్నవాళ్ళు నిరభ్యంతరంగా చేరొచ్చు. నా పని అయిపోయిందేమో, ఆ పాపం నేనే చేశానేమో అన్న భయంతో నిద్రపట్టనివాళ్ళు మాత్రం ఇప్పుడున్న పద్ధతిలో దీంట్లో చేరొద్దు, మీ ప్రశ్న నూటయాభై మంది ముందు అడగాల్సింది కాదు, మిమ్మల్ని ఎరిగిన ఒక కాపరి దగ్గర కూర్చుని అడగండి. తర్వాతి బ్యాచ్ 1 యోహాను 5:16 "మరణకరమైన పాపము"తో మొదలవుతుందట. ప్రశ్నల గంట కుర్ర బోధకుడికి ఇస్తారా అని గ్రూపులో అడిగాను, ఆలోచిస్తాం అన్నారు. ఇస్తే కడతాను.